మంచుతాతను దాచిన ముగ్గురు నేలలు

ఒకప్పుడు, భూమికి ఉత్తరపు కొసన, వేసవి వస్తే నేల అడుగుదాకా కరిగిపోయేది. పార ఎంత లోతుకు దించినా మెత్తటి మట్టే తగిలేది. వినడానికి బాగానే ఉంది కదూ? అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు ఆ కష్టం.

అక్కడ ముగ్గురు అక్కచెల్లెళ్లు పక్కపక్కనే ఉండేవారు. ముగ్గురూ నేలలే. పెద్దది నాచమ్మ. పల్లంలో పడుకుని, రాలిన ఆకునూ ఎండిన నాచునూ ఏదీ పారేయకుండా ఒంటిమీద కప్పుకునేది. నడిపిది దొర్లమ్మ. దానికి ఒకచోట కుదురుండదు. చిన్నది గులకమ్మ. దాని ఒంటినిండా ఇసుక, గులకరాళ్లు. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు.

ఆ దేశంలో వానలు తక్కువ. చలికాలంలో కురిసిన మంచు కరిగి నీళ్లయ్యేది. ఆ నీళ్లేమో అక్కచెల్లెళ్ల ఒళ్లోంచి జారి ఎక్కడో అడుక్కి ఇంకిపోయేవి. గడ్డి మొలిచినట్టే మొలిచి వాడిపోయేది.

ఏటా దక్షిణం నుంచి ఒక తెల్లబాతు వచ్చి అక్కడే గుడ్లు పెట్టేది. ఆ ఏడు దాని పిల్లలకు ఈదడానికి కాదు కదా, గొంతు తడుపుకోడానికైనా మడుగు దొరకలేదు.

"మీ మీద నాకు కోపం లేదు," అంది బాతు, వెళ్లే ముందు. "కానీ పిల్లల్ని దాహంతో చంపుకోలేను. వచ్చే ఏడూ ఇంతే అయితే ఇక రాను."

ముగ్గురికీ గుండె జారిపోయింది. ఏడాదిలో ఎక్కువ కాలం చలిలో, చీకట్లో పడి ఉండేవాళ్లకు వేసవిలో ఆ బాతుల గోలే పండగ. అదీ లేకపోతే ఇంకేం మిగులుతుంది?

చలికాలం చివర, ఏటా ఆ దేశాన్ని గడ్డకట్టించే మంచుతాత వాళ్ల దగ్గరికి వచ్చాడు. అన్నాళ్లూ దర్జాగా తిరిగిన మనిషి, ఎండ వచ్చే వేళయ్యేసరికి వణికిపోతున్నాడు. ఏటా సూర్యుడు తనను ఆనవాలు లేకుండా కరిగించేస్తున్నాడనీ, తలదాచుకోడానికి ఇంత చోటిమ్మనీ బతిమాలాడు.

నాచమ్మకు ఒక ఉపాయం తట్టింది.

"మా కింద పడుకో తాతా. నీళ్లు కిందికి పోకుండా నువ్వు ఆపు. ఎండ నీదాకా రాకుండా మేం ఆపుతాం."

దొర్లమ్మకు ఇది అస్సలు నచ్చలేదు. మంచును పక్కలో పెట్టుకుంటే ఎవరికి నిద్ర పడుతుందని సణిగింది. బాతు మాట గుర్తొచ్చి చివరికి సరేనంది. గులకమ్మ తల ఊపింది, అంతే. తాత ముగ్గురి కిందా చాపలా పరుచుకున్నాడు.

సూర్యుడు రానే వచ్చాడు. ఆ దేశంలో వేసవి సూర్యుడికి ఇంటికి వెళ్లే అలవాటు లేదు, రాత్రీ పగలూ ఆకాశంలోనే తిరుగుతాడు. తాతను వెతుకుతూ ముందు నాచమ్మ మీద మండిపడ్డాడు. ఎంత కాచినా ఆ నాచు బొంత జానెడు లోతు దాటి వేడెక్కలేదు.

తర్వాత దొర్లమ్మ మీద పడ్డాడు. పైన వేడి, కింద చలి, అది అటూ ఇటూ ఒకటే దొర్లడం. పై మట్టి కిందికి, కింది మట్టి పైకి వెళ్లాయి. కడుపులోని రాళ్లు పైకొచ్చి గుండ్రంగా పేర్చినట్టు నిలిచాయి. ఆ గందరగోళంలో సూర్యుడికి తాత జాడే తెలియలేదు.

పాపం, గులకమ్మకు బొంతా లేదు, దొర్లే అలవాటూ లేదు. ఎండ లోపలికి, ఇంకా లోపలికి దిగింది. తాత ఒక పక్క కరగడం మొదలుపెట్టాడు. తన కోసం ఒళ్లు కాల్చుకోవద్దనీ, వదిలేయమనీ అన్నాడు.

"ఇంకాస్త కిందికి జరుగు తాతా," అంది గులకమ్మ. "నేను కదలను."

అన్నట్టే కదల్లేదు. ఒళ్లు కాలిపోతున్నా వేసవంతా బిగబట్టుకుని పడుకుంది. నాకైతే ముగ్గురిలో ఈ పిల్లంటేనే ముద్దు.

కరిగిన నీళ్లు కిందికి పోబోతే తాత వీపు అడ్డం వచ్చింది. నీళ్లు ఆగాయి. మడుగులు నిండాయి, గడ్డి లేచింది, దాని కొసన దూదిలాంటి తెల్లపూలు పూశాయి. తెల్లబాతు భయం భయంగా వచ్చి దిగి, నీళ్లలో కాలు పెట్టి చూసింది. వెంటనే గూడు కట్టుకోవడం మొదలుపెట్టింది.

అప్పటినుంచే ఆ చలి దేశాల నేల వేసవిలో పైన మెత్తగా, కింద రాయిలా గడ్డకట్టి ఉంటుంది. తవ్వితే నాచు మీద నాచు తగిలిందా, అది నాచమ్మ. మట్టి సుళ్లు తిరిగి, పైన రాళ్లు గుండ్రంగా ఉన్నాయా, అది దొర్లమ్మ. పొరలు చెదరకుండా ఉండి, బాగా లోతున గానీ మంచు తగల్లేదా, అది మన గులకమ్మ. అప్పటినుంచే, వాన సరిగా పడని ఆ దేశంలో, వేసవి వచ్చిందంటే ఎటు చూసినా నీళ్లే, నీళ్లనిండా బాతుపిల్లలే.