పాపిటలో వరిగింజంత తెలుపు

ఏడు లోకాల్లో నా అంత బాగా కథ చెప్పేవాడు ఇంకొకడు లేడు. ఉన్నాడనుకోండి, మా మేనమామ. ఆయనకి గొంతు పట్టేసింది కాబట్టి ఇవాళ్టికి మీకు నేనే గతి. దగ్గరగా జరగండి. భయపడేవాళ్లు మధ్యలో కూర్చోండి.

అనగనగా కజ్జలపురం అని ఒక రాజ్యం. దాని రాజు పోయాడు, రాణి ఏలుతోంది. ఆమె పేరు నీలవేణి. తుమ్మెద రెక్కల్లాంటి జుట్టుతో పుట్టిందని వాళ్ల తాతగారు ముచ్చటపడి పెట్టిన పేరు. పెట్టేటప్పుడు బాగానే ఉంటుంది. నలభై దాటాక ఆ పేరు మోయాల్సింది తాతగారు కాదు కదా.

ఒక పొద్దున రాణి అద్దం చూసుకుంటే పాపిట పక్కన ఒక తెల్లవెంట్రుక. పీకుదామని చెయ్యెత్తింది. దాది గబుక్కున పట్టుకుంది.

"వద్దు తల్లీ, ఒకటి పీకితే పది వస్తాయి."

ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలిసిన మాట అది. ఎవరూ ఎప్పుడూ పీకి చూడలేదు. రాణి చెయ్యి దించేసింది. పీకకపోయినా పది వచ్చాయి. సభలో పొగిడే కవిగారు "నీలవేణీ" అనబోయి ఒకసారి దగ్గారు. ఆ దగ్గు రాణికి ముల్లులా దిగింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, మనిషి నీడ మనిషి కాళ్ల కిందే నక్కే వేళ, కోట గుమ్మంలో ఒకడు నిలబడ్డాడు. చేతిలో మసిబట్టిన కుండ. పేరడిగితే కుండ చూపించాడు. అందుకని అందరూ వాణ్ణి మసికుండడు అన్నారు. వాడికి నీడ లేదు. మధ్యాహ్నం కదా, అందుకే అనుకున్నారు.

"నల్లబరచమంటావా అమ్మా?" అన్నాడు.

"ఏం పుచ్చుకుంటావు?"

"నీకు లోటు తెలియనిదే పుచ్చుకుంటాను."

అది విని రాణి మురిసిపోయింది. మీరైతే మురవకండి. "సరే, నల్లబరచు" అంది.

వాడు వేలితో పాపిట తీశాడు. ఎక్కడో సూది గుచ్చినట్టు చురుక్కుమంది. తరవాత రంగు పూశాడు. తడిమట్టీ, అప్పుడే ఆరిన దీపం వత్తీ కలిసినట్టు ఒక వాసన కోటంతా పాకింది. జుట్టు నిగనిగలాడింది.

"పాపిటలో వరిగింజంత తెలుపు కనిపించిన రోజు మళ్లీ వస్తాను" అని వెళ్లిపోయాడు.

రాణికి ముగ్గురు కొడుకులు. పెద్దోడు ధీరసింహుడు. నడిపోడు వీరసింహుడు. మూడోవాడి పేరు చాలా పొడుగు, వాళ్లమ్మే చిన్నోడా అని పిలిచేది, మనమూ అలాగే అందాం.

ఆ పూట భోజనానికి రెండే పీటలు వేశారు. పెద్దోడు గుమ్మంలో నిలబడి, "అమ్మా, నా పీటేదీ?" అన్నాడు.

రాణి మర్యాదగా చూసింది. "ఎవరు బాబూ మీరు? ఏ ఊరు?"

నవ్వుతుందేమోనని పెద్దోడు కాసేపు ఆగాడు. ఆమె నవ్వలేదు. దాదీ నవ్వలేదు, వంటవాళ్లూ నవ్వలేదు. పెద్దోడు ఎండలోకి వెళ్లాడు. పొద్దు వాలినా వాడి వెనక నీడ పడలేదు. తిరిగి చూడకుండా సముద్రం వైపు నడిచిపోయాడు.

మళ్లీ వరిగింజంత తెలుపు. మళ్లీ మధ్యాహ్నం, మళ్లీ కుండ, మళ్లీ ఆ వాసన. ఈసారి ఒక్కటే పీట. నడిపోడూ అలాగే సముద్రం వైపు నడిచిపోయాడు.

అందరూ మరిచిపోతే చిన్నోడికి ఎలా గుర్తుంది అంటారా? వాడికి పుట్టినప్పటి నుంచీ జలుబు. ఆ వాసన వాడి ముక్కులోకి వెళ్లనే లేదు. వేరే కథల్లో వీరులకి కవచాలుంటాయి. మనవాడికి చీమిడి ఉంది.

"అమ్మా, అన్నలేరీ?"

"నీకు అన్నలెవర్రా, నువ్వొక్కడివేగా నాకు" అని రాణి గోరుముద్ద కలిపి నోట్లో పెట్టింది. ఎంత ప్రేమగా పెట్టిందంటే, వాడికి ఒళ్లు జలదరించింది. ఆమె పాపిటలో అప్పుడే ఆవగింజంత తెలుపు. ఈసారి పోయేది ఎవరో వాడికి తెలుసు.

చిన్నోడు సముద్రపు ఒడ్డుకి పరిగెత్తాడు. అక్కడ ఒంటికాలి మీద ఒక ముసలి కొంగ.

"ఎక్కడికి నాయనా?"

"మసికుండడి ప్రాణం వెతకడానికి."

"మాంత్రికుడి ప్రాణమా? చిలకలోనే ఉంటుంది, ఇంకెక్కడుంటుంది. ఎక్కు."

కొంగ ఉప్పు సముద్రం దాటింది. చెరకురసం సముద్రం దాటింది. కల్లు సముద్రం కొంచెం వంకరగా దాటింది. నేతి సముద్రం దాటింది. పెరుగు సముద్రం మీదకి వచ్చేసరికి చిన్నోడికి జలుబు మరీ ఎక్కువై ఆగకుండా తుమ్మాడు. పాలసముద్రం దాటి, మంచినీళ్ల సముద్రం దాటి, ఒక దీవిలో వాలింది.

దీవినిండా మనుషులు. చప్పుడు మాత్రం లేదు. నూరు కాగుల చుట్టూ నూరుమంది నిలబడి తెడ్లతో నల్లరంగు కలుపుతున్నారు. ఎవరికీ నీడ లేదు. కాగుల్లో మాత్రం నీడలు మనుషుల ఆకారంలో తేలుతున్నాయి, చేతులు చాపుతున్నాయి, మునుగుతున్నాయి. చివరి రెండు కాగుల దగ్గర పెద్దోడూ నడిపోడూ. "అన్నా" అంటే తలెత్తలేదు.

తలెత్తింది ఒక్కతే. పేరు కేతకి, ఏదో దేశపు రాజకుమారి.

"ఏడవకు" అంది. "మరిచిపోయినవాళ్లు పిలిస్తేనే వీళ్లు వింటారు. మా అమ్మ కూడా రంగే వేయించుకుంది. అరవై ఏళ్లకి నల్లటి జుట్టుతో పోయింది. ఇక నన్ను పిలిచేవాళ్లు లేరు, అందుకే నాకు ఎవరి పిలుపైనా వినిపిస్తుంది. పోయేముందు ఎవరిని పిలవాలో ఆమెకి తెలియలేదట. చిలక చెప్పింది."

చిలక అనగానే చిన్నోడు పక్కనే వేలాడుతున్న పంజరంలో చెయ్యి పెట్టి దాని మెడ పట్టుకున్నాడు.

"ఆగవయ్యా బాబూ" అంది చిలక. "వచ్చిన ప్రతివాడూ మా పీకలే పిసుకుతాడు. మా జాతి సగం ఇలాగే పోయింది. ఆ సంగతి తెలిసే మాంత్రికులు చిలకల్ని మానేశారు. నేనిక్కడ ఉత్త అలంకారం."

"మరి వాడి ప్రాణం?"

"మీ అమ్మ తలలో. మొదటిసారి పాపిట తీసినప్పుడు వాడి వెంట్రుక ఒకటి అక్కడ నాటాడు. అది నల్లగా పుట్టింది, నల్లగానే ఉంటుంది. మిగతావన్నీ నల్లగా ఉన్నంతకాలం దాన్ని ఎవరు కనిపెడతారు? ఒక తల చితిలో కాలిపోతే ఇంకో తల చూసుకుంటాడు. అయినా, మీ అమ్మ నోరారా నల్లబరచమంటే తప్ప వాడు ఆ తల ముట్టుకోలేడు."

కొంగ ఒక్కరినే మోయగలదు. "నువ్వు వెళ్లు" అంది కేతకి. "నేను పిలుపు కోసం చూస్తుంటాను."

చిన్నోడు తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. రాణి జుట్టు విరబోసుకుని కూర్చుంది. పాపిటలో వరిగింజంత తెలుపు. మసికుండడు కుండ మూత తీస్తున్నాడు.

"అమ్మా, వద్దనమ్మా. అన్నలు పోయింది ఈ రంగు వల్లే."

"మళ్లీ అన్నలంటావు. నాకు ఒక్కడివేరా, చిన్నోడా."

చిన్నోడు ఆమె ముందు చతికిలబడ్డాడు. "ఒక్కడినే అయితే చిన్నోడా అని ఎందుకు పిలుస్తావమ్మా? పెద్దోడెవరు?"

రాణి నోరు తెరిచింది. "పెద్దోడు..." అంది. మళ్లీ, "నడిపోడు..." అంది. ముఖాలు గుర్తు రాలేదు. పేర్లూ రాలేదు. కానీ తన నాలుక మీద రెండు ఖాళీలు ఉన్నాయని ఆమెకి తెలిసిపోయింది. నోట్లో పన్ను ఊడినచోటు తడిమితే తెలుస్తుందే, అలా.

"నల్లబరచమంటావా అమ్మా?" అన్నాడు మసికుండడు, చాలా మెల్లగా.

రాణి అద్దం వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. అబద్ధం ఎందుకు, మళ్లీ అద్దం వైపు చూసింది. తరవాత, "ఇవాళ వద్దు" అంది.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. తెల్లజుట్టు ఒక్క పూటలో పెరగదు. ఆరు నెలలు ఆమె తల పైన పాలు, కింద తారు. పొరుగు రాజుల రాయబారులు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె నుదుటి పైకి చూసేవారు. కవిగారు సెలవు మీద వెళ్లిపోయారు. ప్రతి మధ్యాహ్నం మసికుండడు వచ్చేవాడు. మొదటి రోజు గుమ్మంలో, మర్నాడు ఒక అడుగు లోపల, ఆ మర్నాడు ఇంకో అడుగు లోపల. "నల్లబరచమంటావా?" "ఇవాళ వద్దు." ఎప్పటికీ వద్దని ఆమె ఒక్కసారీ అనలేకపోయింది. ఆ రోజుకి వద్దనేది, అంతే. నెలలు గడిచేసరికి వాడి ఊపిరి ఆమె మెడకి తగిలేది. చల్లగా, తడిమట్టి వాసనతో.

రోజూ చిన్నోడు వాళ్లమ్మ తల వెతికేవాడు, పేలు చూసినట్టు, పాయ పాయ తీసి. చివరికి ఒకనాడు దొరికింది. వెంట్రుకల మొదళ్లన్నీ మల్లెపూవులా ఉంటే, నడినెత్తిన మొదలు దాకా నల్లగా ఒకే ఒక్క వెంట్రుక.

రాణి దాన్ని వేలికి చుట్టుకుంది. అప్పుడే వచ్చి వెనక నిలబడ్డ మసికుండడి ముఖం మొదటిసారి పాలిపోయింది.

"పీకకమ్మా" అన్నాడు. "ఒకటి పీకితే పది వస్తాయి."

"రానీ" అంది రాణి. "చోటు బోలెడుంది."

పీకింది. మొదలు దగ్గర ఒక నెత్తుటి బొట్టుతో ఊడొచ్చింది. మసికుండడు ఉన్నచోటే మసై రాలాడు. కుండ పగిలింది. మిట్టమధ్యాహ్నం, నీడలు ఉండకూడని వేళ, పొడుగాటి నీడలు ముంగిలంతా పరుచుకుని గోడలెక్కి సముద్రం వైపు పరిగెత్తాయి. రాణి వాటి వెనకే ఒడ్డు దాకా పరిగెత్తి, "పెద్దోడా, నడిపోడా" అని గొంతు చించుకుని పిలిచింది.

తొమ్మిదో రోజు పడవలు వచ్చాయి. ముందు పడవలో ఇద్దరు కొడుకులు, వాళ్ల వెనక కేతకి, అందరి కాళ్లకీ నీడలు. కొన్ని నీడలకి మాత్రం మనుషులు ఎప్పుడో పోయారు. అవి కజ్జలపురం వీధుల్లో ఇప్పటికీ గోడవారగా నడుస్తూ, పిలుపు వినిపిస్తే ఆగుతాయట. తమ పేరు కాదని తెలిసి మళ్లీ కదులుతాయట.

చిన్నోడికీ కేతకికీ పెళ్లయింది. పెళ్లిపీటల మీద వాడు పదకొండుసార్లు తుమ్మాడు. నీలవేణి పేరు మార్చుకోలేదు, రంగూ వేసుకోలేదు. నెరిసిన జడలో సన్నజాజులు పెట్టుకుని, మధ్యలో పూవేదో వెంట్రుకేదో తెలియకుండా, ముప్పై ఏళ్లు రాజ్యమేలింది. కవిగారు తిరిగొచ్చి కొత్త పద్యం చదివారు. దగ్గలేదు.

మీరు ఇందాకటి నుంచీ నా పైపెదవి కేసి చూస్తున్నారు. సరే, చెప్పేస్తాను. నాకు ఇరవై ఆరేళ్లు. మీసంలో కుడివైపు రెండు తెల్లవి వచ్చాయి. ఇక్కడికి వచ్చే ముందు మా చెల్లి కాటుకడబ్బా దొంగిలించి రాసుకున్నాను. చెమటకి అది గడ్డం దాకా కారుతోంది కదూ?