మండోదరి భుజం మీది పువ్వు

ఓబులేసు మూడు నెలలు వంచిన తల ఎత్తకుండా ఒక సీత బొమ్మ చేశాడు. తోలుబొమ్మకు నగలంటే చిల్లులే. తెర వెనక దీపం పెడితే అవే రత్నాల్లా మెరుస్తాయి. ఆఖరి రోజున ఉలి జారింది. నగ ఉండని చోట, సరిగ్గా సీత బుగ్గ మీద చిల్లు పడింది. తోలుకు పడిన చిల్లును పూడ్చే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"ఈ విద్య నాకు అబ్బదయ్యా. రేపట్నుంచి నేను రాను" అన్నాడు గురువు తిప్పన్నతో. ఆరేళ్లుగా నేర్చుకుంటున్నవాడు మరి, ఏడుపు ఆగలేదు.

తిప్పన్న తిట్టలేదు, ఓదార్చలేదు. "రేపు రావద్దులే. ఈ పొద్దు మాత్రం నాతో మ్యూజియం దాకా పా" అన్నాడు.

జిల్లా మ్యూజియంలో హాలు మధ్య, నాలుగు వైపులా అద్దాలున్న పెట్టెలో మండోదరి బొమ్మ నిలబడి ఉంది. నూరేళ్ల పైమాటే. లైట్లు మాత్రం ముందువైపు పెట్టారు, తోలుబొమ్మ సంగతి తెలిసినవాడెవడూ చేయని పని! అయినా ఓబులేసు రెండు చేతులూ జోడించాడు.

"ఒక్క తప్పు లేదయ్యా. ఇట్లాంటి చేతులు మనకెక్కడివి?" అన్నాడు. మిగిలిన కాస్త ధైర్యమూ పోయింది.

తిప్పన్న పెట్టె వెనక్కి వెళ్లి సెల్‌ఫోన్ లైటు వేశాడు. కాపలా ఆమె పరుగున వచ్చింది.

"పెద్దాయనా, ఫొటోలు తీయకూడదు!"

"ఫొటో కాదమ్మా, దీపం."

హారాలు, వడ్డాణం, వంకీలు అన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఆమె కూడా నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"కుడి భుజం మీద ఏముందిరా?"

"పువ్వుందయ్యా."

"ఎడమ భుజం మీద?"

ఓబులేసు చూశాడు. ఏమీ లేదు. ముక్కు అద్దానికి తగిలేదాకా వంగి, మళ్లీ ఆ పువ్వునే చూశాడు. చుట్టూ ఉన్న ఐదు చిల్లులు ముత్యాల్లా ఉన్నాయి. మధ్యలోది మాత్రం కాస్త పెద్దది, వంకరగా ఒక పక్కకు చీరుకుపోయి ఉంది.

తిప్పన్న లైటు ఆపి ఇవతలికి వచ్చాడు.

"అయ్యా, సీతమ్మ బుగ్గ మీద ఏం పెడితే బాగుంటుంది?"

"నన్నెందుకు అడుగుతావురా?" అన్నాడు తిప్పన్న, మండోదరి వైపు చూపించి. "ఆ బొమ్మ చేసినాయన ఎవుర్నడిగినాడు?"