చెప్పుల కాపలా

పొద్దున ఆరింటికి తౌడమ్మ రాజుగారి గుడి ముందు భక్తుల చెప్పులు జతలుగా సర్దుతోంది. ఆ కాపలాయే ఆమెకు కూడు. ఏనాడూ ఒక్క జత పోలేదు.

గుడి పెత్తనం చూసే ధర్మాధికారి వచ్చి ఉరిమాడు. "దేవుడే లేడంటావట! నీకు పాపభయం ఎక్కడిదే? దొంగబుద్ధి పుట్టకముందే పో!"

తౌడమ్మకు ఒళ్లు మండింది. "పోతా బాబయ్యా. లోపలున్నదంతా పాపభయం ఉన్నవాళ్లేగా! మీ వెండి పావుకోళ్లు ఇక్కడే వదిలి నిశ్చింతగా వెళ్లండి" అంటూ లేచింది.

ఆయన పావుకోళ్లకేసి చూశాడు, భక్తులకేసి చూశాడు. కాలు కదల్లేదు. "ఆగవే! నేను దర్శనం చేసుకొచ్చేదాకా కూర్చో."

"నా బుద్ధి మీద నమ్మకం ఇప్పుడొచ్చిందా?" అని ఆమె విసవిసా వెళ్లిపోయింది.

ఆమె చోట ఓ పరమభక్తుణ్ణి పెట్టారని, అయినా ధర్మాధికారి పావుకోళ్లు విప్పకుండా గుమ్మం బయటినుంచే దండం పెట్టుకుంటున్నాడని నాలుగు రోజులకు తౌడమ్మకు తెలిసింది.