బట్టీ పాటకు తల్లి ఎవరు?

ఓయీ! పాట చెవిన పడగానే "ఇది ఏ జాతి పాట, ఎవరి సొత్తు?" అని అడుగుతావే, నిన్నే అంటున్నాను. అన్నం వడ్డిస్తే ఏ మడిలో పండిన వడ్లో తేల్చందే ముద్ద ఎత్తవా? ఏరు మూలం, ఋషి మూలం అడగరాదని పెద్దలు ఊరికే అన్నారా? కూర్చో. నీలాగే అడిగిన ఒక నక్క గతి చెబుతాను. చెవులు తెరువు, నోరు మూయి.

అడవికీ ఊరికీ మధ్య పాడుబడిన ఇటుక బట్టీ ఒకటి ఉండేది. పని ఆగిపోయాక యజమాని ఇటుకలన్నీ తోలుకుపోయాడు. వాటిని మోసిన గాడిదను మాత్రం అక్కడే వదిలేశాడు. దాని పేరు మూగెన్న. పుట్టిన ఏడాది దాకా నోరు విప్పలేదని పెట్టిన పేరు అది. ఆ తరువాత విప్పింది, మళ్ళీ మూయలేదు. బట్టీ మీది రేకుల కప్పే దానికి ఇల్లు. ఒంటి మీద చిరుగుల గోనె. అది జారిపోకుండా ముళ్ళపంది ముళ్ళు గుచ్చుకునేది.

బట్టీకి ఎదురుగా మామిడితోపు. అక్కడ కోయిల పాడేది. ఆ తోపులో పాడాలంటే గొంతు నున్నగా ఉండాలి, గురువు పేరు చెప్పాలి. మూగెన్న ఒకసారి వెళ్ళి నోరు తెరిచింది.

"నాయనా, పూత రాలిపోతోంది. కాస్త అవతల పాడుకో" అంది కోయిల.

మూగెన్న తిరిగొచ్చి బట్టీలోనే పాడింది. వడ్రంగిపిట్ట రేకు మీద ముక్కుతో దరువు వేసింది. గుంతలోని బావురుకప్ప కింది శ్రుతి పట్టింది. మూడంటే మూడే స్వరాలు. గుటక వేసేలోపు పాట అయిపోయేది. అందులో సొగసు లేదు. ఎండ ఉంది, బరువు ఉంది, కర్రదెబ్బ ఉంది, చివర "మొయ్యను, పో!" అన్న కేక ఉంది.

వినడానికి వచ్చిన జంతువులు రెండో రోజుకే పాడసాగాయి.

"ఇది నాకు కూడా వచ్చేసిందే!" అని పంది ఆశ్చర్యపోయింది.

"రాకపోతే పాట ఎందుకే?" అంది మూగెన్న.

పది రోజులు తిరిగేసరికి మేకపిల్లలన్నీ మంచి గోనెలను కావాలని చింపి కప్పుకున్నాయి. క్రమం, శుభ్రం ప్రాణంగా బతికే నాకు ఆ గోల నచ్చదు. దాచను. కానీ నచ్చకపోవడం వేరు, ఒకరి గూడు లాక్కోవడం వేరు.

గూడు లాక్కోవాలనుకున్నది నక్క. పేరు చెంగల్రాయుడు. పాట వినడానికి ఊరి కోళ్ళు కూడా వస్తున్నాయని దానికి తెలిసింది. బట్టీ తన చేతిలో ఉంటే వేటకు పోనక్కరలేదు, వేటే నడిచి వస్తుంది.

"ఏం అల్లుడూ, ఈ పాట ఎవరిది?" అని అడిగింది తీయగా.

"మాది మామా."

"మీది అంటే? ఎవరు కన్నారు? కళ్ళం పాటా, పెళ్ళి పాటా, భజన పాటా? ఇంటిపేరు లేని పాట ఉంటుందా?"

మూగెన్న చెవులు వేలాడేసింది. "ఏమో మామా. నోటికొచ్చింది, పాడాం."

"నోటికి ఎక్కడి నుంచి వచ్చింది? గుట్ట మీద మా ముత్తవ్వ వేసిన ఊళ నుంచి! ఈ పాట మా వంశానిది. ఇది కల్తీ కాకుండా కాపాడే భారం నాది."

మర్నాటికి బట్టీ చుట్టూ తుమ్మకంప లేచింది. నక్క ఒక కట్టుబాటు చెప్పి అందరి చేతా ఒట్టు వేయించింది, తనూ వేసింది. ఎవరి గొంతులోనైనా పరాయి స్వరం ఒక్కటి దొరికితే వాళ్ళు కంప దాటి పోవాలి, ఇక ఈ దరిదాపుల్లో నోరెత్తకూడదు. పాట మంచికే కాబోలనుకుని వెర్రి జంతువులు తలలూపాయి.

నక్క పరీక్ష మొదలుపెట్టింది. "మూగెన్నా, నీ రెండో స్వరం కోయిలది. నడు బయటికి. వడ్రంగిపిట్టా, నీ దరువు వడ్రంగుల ఉలిది. నువ్వూ నడు. కప్పా, నువ్వు చెరువు సొత్తు ఎత్తుకొచ్చావు."

"మరి మేము?" అన్నాయి కోళ్ళు భయంగా.

"మీకు అసలు పాటే రాదు, ఇక కల్తీ ఎక్కడిది? మీరు నిశ్చింతగా లోపలే ఉండండి" అంది నక్క, పెదవులు నాక్కుంటూ.

పైన మబ్బు కమ్ముకుంటోంది. మూగెన్నకు ఆ రేకులు తప్ప మరో కప్పు లేదు. అది కంప బయట నిలబడి ఏడుస్తుంటే గానుగెద్దు ఈరబసన్న అటుగా వచ్చింది. జీవితమంతా ఒకే చుట్టు తిరిగిన ఎద్దు. తొందర దాని ఒంట్లో లేదు. సంగతి అంతా విని నక్కను పిలిచింది.

"చెంగల్రాయుడూ, దూడ నాదంటే నాదని రెండు ఆవులు కొట్లాడితే మా మందలో ఏం చేస్తామో తెలుసా?"

"తెలుసు పెద్దయ్యా. దూడను వదులుతారు. ఏ ఆవు దగ్గరికి పోతే అదే తల్లి."

"ఈ పాటను కూడా అలాగే వదులుదాం. మూగెన్న పాడుతూ నడుస్తుంది. ఎవరైనా విని 'ఇది నా పాలు తాగిన బిడ్డ' అంటే వాళ్ళది. ఎవరూ అనకపోతే పాట నీది, బట్టీ నీది."

నక్క లోలోపల నవ్వుకుంది. ఆ మోటుపాటను నాది అనడానికి ఎవరికైనా సిగ్గుండదా? "అలాగే" అంది.

మూగెన్న పాట ఎత్తుకుంది, వెనకే గెంతుతూ బావురుకప్ప కింది శ్రుతి పట్టింది. వరిమడి పక్కన పోతుంటే వంద కప్పలు తలలెత్తాయి. "ఆ కింది శ్రుతి మాదేరా! మా అమ్మలు వానను పిలిచేది దానితోనే!"

"కప్పలకు సిగ్గేమిటిలే. తోపు దగ్గర చూద్దాం" అంది నక్క.

తోపులో కోయిల విన్నది. మొదటి స్వరానికి ముఖం తిప్పుకుంది. రెండో స్వరానికి దాని గొంతు దానంతటదే కదిలింది.

"చెట్టు కింద కట్టేసినప్పుడు వినేవాడివి కదూ?" అని అడిగింది మెల్లగా.

"అవునమ్మా. ఇటుకలు దించేదాకా నీ పాటే నాకు మంచినీళ్ళు."

కోయిల తల దించుకుంది. "గురువు పేరు చెప్పమని నిన్ను తరిమాను. నా గురువు పేరు నేనెప్పుడైనా చెప్పానా? నేను కాకి గూట్లో కళ్ళు తెరిచినదాన్ని. కాకి పెట్టింది తిని, కాకి గొంతు విని పెరిగాను. నా పాట అడుగున ఉన్నది ఆ కేకే. నున్నగా రుద్ది దాచాను. ఈ పాట నా బిడ్డే."

పై కొమ్మ మీంచి ముసలి కాకి అరిచింది. "ఇన్నాళ్ళకు చెప్పావే పిల్లా! నాకు మాత్రం ఎవరు నేర్పారు? పెళ్ళిపందిరి మీద కూర్చుని పగిలిన సన్నాయి పీక దగ్గర నేర్చుకున్నాను!"

నక్క ఉలిక్కిపడింది. "ఇంతమంది తల్లులేమిటి? ఇందరిది అంటే ఎవరిదీ కానట్టే! దిక్కులేని దూడ దొరికినవాడిది!"

"సరే" అంది ఎద్దు. "మీ ముత్తవ్వ ఊళ కూడా వినిపించు. పాట అటు పోతుందేమో చూద్దాం."

ఊళ వేయమంటే ఆగే నక్క ఉంటుందా? గుట్ట ఎక్కి, రొమ్ము విరిచి, "ఊ..." అని సాగదీసింది.

ఊరి వైపు నుంచి అదే ఊళ, అంతే సాగి, తిరిగి వచ్చింది. ఒకటి కాదు, ఇరవై. "మా ఊళ ఎవడురా ఎత్తుకుపోయింది?" అంటూ కుక్కలు పరుగెత్తుకొచ్చాయి.

"చెంగల్రాయుడూ, నీ దూడకు తల్లులు వస్తున్నారు" అంది ఎద్దు. "పరాయి స్వరం ఒక్కటి దొరికినా... ఆ పైమాట ఏమిటి? నువ్వే చెప్పు."

నక్క ఒక్క దూకులో గుట్ట దిగింది. బట్టీలో దాక్కుందామని ఉరికింది. ఎదురుగా తుమ్మకంప, తాను నాటినదే. తోక చిక్కుకుంది. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. కుక్కలు చుట్టూ చేరాక దానికి తెలిసివచ్చింది.

"చంపకండి" అని అడ్డం నిలబడింది ఎద్దు. "కంప పీకాలి కదా. నాటిన నోటితోనే పీకనివ్వండి."

వాన మొదలైంది. కోళ్ళు బయటికి, మూగెన్న లోపలికి పరుగెత్తాయి. వాటి వెనకే కోయిల, మొట్టమొదటిసారి, బట్టీ గడప దాటింది. రేకు మీద వాన దరువు వేస్తుంటే కోయిల, కాకి, కప్పలు, పంది, చివరికి కుక్కలు కూడా మూగెన్నతో గొంతు కలిపాయి. అది ఏ రకం పాటో ఎవరూ అడగలేదు. "మొయ్యను, పో!" అన్న కేకకు బట్టీ అదిరింది, తోపులో కాయలు ఊగాయి. నచ్చదన్నానే, ఆ రోజు నేనున్నా తల ఊపేవాణ్ణే.

కలిసిన గొంతులను విడదీయబోయినవాడికి చివరకు తన గొంతే మిగలదు.

నక్క ఆ వానలో ఒక్కో ముల్లూ నోటితో పీకింది. సగం తోక కంపలోనే పోయింది. ఈ దరిదాపుల్లో నోరెత్తనన్న ఒట్టు మాత్రం మిగిలింది. ఇప్పటికీ బట్టీలో పాట లేచినప్పుడల్లా దాని గొంతులో ఊళ పొంగుకొస్తుంది. బయటికి రాకుండా, మిగిలిన ఆ సగం తోకను నోట కుక్కుకుని, అవతలి పొదలో పడి ఉంటుంది.