తెల్లదిబ్బకు అడ్డం పడిన తాటిమాను

సముద్రపు ఒడ్డున ఒక మడ అడవి ఉండేది. దానికి ఎదురుగా, సన్నటి ఉప్పునీటి పాయ అవతల, తెల్లదిబ్బ అనే చిన్న దీవి ఉండేది. అడవిలో నక్కలు, పిల్లులు తిరిగేవి. దీవిలో ఎర్రపీతలు, సముద్రపు పిట్టలు, అక్కడున్న ఒకే ఒక్క మడచెట్టు మీద ఒక నారాయణపక్షి కాపురం ఉండేవి.

సముద్రపు పిట్టలు గూళ్లు కట్టవు. వట్టి ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. పాయ అడ్డం ఉండబట్టి అడవి జంతువులు అటు వచ్చేవి కావు.

ఒక ఏడు గాలివానకు పెద్ద తాటిమాను కొట్టుకొచ్చి, పాయకు అడ్డంగా పడి ఇసుకలో కూరుకుపోయింది. నీళ్లంటే గిట్టని అడవిపిల్లి మర్నాడే దాని మీద నడిచి వచ్చి, రెండు గుంటల్లోని గుడ్లు తినేసి పోయింది.

గవ్వమ్మ అనే తల్లిపిట్ట పీతల పెద్ద దగ్గరికి వెళ్లి ఏడ్చింది. మాను కింద ఇసుక తోడేస్తే పౌర్ణమి పోటుకు అదే తేలిపోతుందని పీతతాత చెప్పాడు. కానీ నారాయణపక్షి పొద్దస్తమానం ఆ మాను మీదే నిలబడి చేపలు పడుతోంది. పీత కనబడితే వదలదు.

నాలుగు రోజులు ఆ చోటు వదిలిపెట్టమని గవ్వమ్మ నారాయణపక్షిని బతిమాలింది.

"నా గూడు చెట్టు చిటారున ఉంది. నేల మీద గుడ్లు పెట్టుకోవడం మీ తప్పు. మీ కోసం నా చోటు వదులుకోమంటావా?" అంది నారాయణపక్షి.

ఒకనాడు నారాయణపక్షి దూరంగా వేటకు పోయిన వేళ పిల్లి మళ్లీ వచ్చింది. ఈసారి పిట్టలన్నీ కలిసి దాని నెత్తిన పొడిచాయి. ఆ దెబ్బలు తప్పించుకోవడానికి అది మడచెట్టెక్కింది. అక్కడ దానికి నారాయణపక్షి గూడు, అందులో గుడ్లు కనబడ్డాయి. నారాయణపక్షి వచ్చి చూసేసరికి పెంకులే మిగిలాయి.

అది తలవంచుకుని గవ్వమ్మ దగ్గరికి వచ్చింది. "నావెలాగూ పోయాయి. మీవైనా దక్కనీ. ఇక పీతల జోలికి రాను," అంది.

పీతలకు నమ్మకం కుదరలేదు. "మా నెత్తిన నువ్వు కాపలా ఉంటావా అమ్మా?" అని పీతతాత గవ్వమ్మనే అడిగాడు. సరేనని పిట్టలు వంతులవారీగా పైన ఎగిరాయి. వందల పీతలు మూడు రోజులు ఇసుక తోడాయి. పిల్లి రాకుండా నారాయణపక్షి మాను అవతలి కొసన నిలబడి, పొడుగు ముక్కుతో అడ్డుకుంది.

పౌర్ణమి నాటి ఉదయం పోటు వచ్చింది. మాను ఒకసారి ఊగింది. ఇంకోసారి ఊగింది. మెల్లగా లేచి సముద్రంలోకి సాగిపోయింది. పిల్లి అవతలి ఒడ్డుకు వచ్చి, ఒక పాదం నీళ్లలో పెట్టి చూసి, విదిలించుకుని వెనక్కి పోయింది.

పిట్టలు గుడ్ల మీద స్థిమితంగా కూర్చున్నాయి. గవ్వమ్మకు చాలా రోజుల తర్వాత కునుకు పట్టింది. పది రోజులకు ఇసుకంతా పిల్లల కిచకిచలే. నారాయణపక్షి గూడు మాత్రం ఆ ఏడు ఖాళీగానే ఉండిపోయింది.

నీతి: పొరుగువారి గూటికి వచ్చిన ఆపదను ఆపకపోతే, అది మన గూటికీ వస్తుంది.