గోడకు బయటి మాటలు

ఈ కథలో నువ్వుగింజంత అబద్ధముందని అనుమానం ఉన్నవాళ్ళు ఇప్పుడే చేయెత్తండి, తర్వాత ఎత్తితే ఒప్పుకునేది లేదు. భానోజీ మాస్టారు కళ్ళు మూసుకుని చెవి ఒగ్గితే, నాలుగు వీధుల అవతల ఎవరింట్లో పోపు వేగుతోందో, ఎవరింట్లో మాడుతోందో చెప్పేవారు. ఊళ్ళో ఏ చోట ఏ చప్పుడు ఉండాలో నేర్చుకోవడానికి ఢిల్లీ ఇంజనీర్లు సైతం ఆయన వాకిట్లో చాపలేసుకుని కూర్చునేవారు.

అలాంటి మాస్టారి దగ్గరికి శిష్యుడు, మున్సిపాలిటీ ఇంజనీరు తారకేశు మొహం వేలాడేసుకుని వచ్చాడు. బస్టాండు పక్క పార్కుకి అతను కట్టించింది మామూలు గోడ కాదు. బయట లారీ టైరు పేలినా లోపల ఉడుత తల తిప్పదు. అయినా సాయంత్రమైతే ఒకరిద్దరు ముసలివాళ్ళు తప్ప లోపలికి ఎవరూ రావడం లేదు. వెనక క్వార్టర్స్ ఆడవాళ్ళంతా గోడ బయట, బస్సుల హారన్ల మధ్య, దుమ్ములో కూర్చుంటున్నారు. కమిషనర్ చూడటానికి వస్తున్నారు. పార్కు ఖాళీగా కనిపిస్తే తారకేశు ఉద్యోగం ఊడినట్టే.

"ఇంత ప్రశాంతత వదులుకుని ఆ మోతలోకి ఎందుకు పోతున్నారు మాస్టారూ?"

మాస్టారు అతన్ని పార్కుకి తీసుకెళ్ళి నడిమధ్య బెంచీ మీద కూర్చోబెట్టి, మామూలు గొంతుతోనే అడిగారు: "మీ ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిందా, ఇంకా అలకేనా?"

ఆ మాట పార్కంతా చుట్టొచ్చింది. దూరంగా ప్రాణాయామం చేస్తున్న పెద్దాయన మూసిన ముక్కు వదిలేసి ఇటు చూశాడు.

"మెల్లగా మాస్టారూ. బయటికి రండి, చెబుతాను."

బయట బస్సుల మోతలో, దుమ్ములోనే చతికిలబడి తారకేశు అంతా చెప్పుకున్నాడు. రెండు గదుల ఇంట్లో అమ్మ చెవిన పడకుండా భార్యతో ఒక్క మాట ఆడే వీల్లేదనీ, అందుకే ఆమె విసిగి వెళ్ళిపోయిందనీ. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. పక్కనే ఎవరో ఇల్లాలు కొంగు నోటికడ్డం పెట్టుకుని అత్తగారి సంగతో ఏమో చెప్పుకుంటోంది, హారన్ల మోతలో ఒక్క ముక్కా వినబడలేదు. ఎవరూ ఎవరివైపూ చూడలేదు.

తారకేశు గోడవంక అయోమయంగా చూశాడు. "అయితే దీన్ని పడగొట్టించమంటారా?"

"పొద్దున్నే లోపల కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళు ఊరుకుంటారా?"

"పోనీ, ఇలాగే ఉంచనా?"

"ఇప్పుడు నువ్వు కూర్చున్నది దుమ్ములో కదా."

ఉన్న కాస్త తెలివీ తారకేశుకి గల్లంతైంది. "మరి నన్నేం చేయమంటారు?"

"ముందు మీ ఆవిణ్ణి తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టు," అన్నారు మాస్టారు.

కమిషనర్ వచ్చేనాటికి గోడకు రోడ్డువైపున కూడా బెంచీలు పడ్డాయి, ఒక్కటీ ఖాళీ లేదు. ఓ బెంచీ మీద తారకేశూ వాళ్ళావిడా ఏం మాట్లాడుకున్నారో, రెండడుగుల దూరంలో టీ గ్లాసులు పట్టుకు నిలబడ్డవాడికి సైతం వినబడలేదు. నమ్మకపోతే వెళ్ళి అడగండి, అతని పేరు గవిరినాయుడు.