ఎర్రిస్వామి శుక్రవారం నకళ్ళు

అనగనగా అన్నానని మరీ రాజుల కాలానికి వెళ్ళిపోకండి పిల్లలూ. ఇది కంప్యూటర్లు వచ్చాక జరిగిన ముచ్చటే.

సిరివరం అనే ఊళ్ళో పట్టునేత సొసైటీ ఒకటుండేది. మూడు వందల ఇళ్ళు, మూడు వందల మగ్గాలు. ఆ సొసైటీ ఆఫీసులో ఒక సర్వర్ ఉండేది. సర్వర్ అంటే, అందరి డిజైన్లూ కడుపులో దాచుకుని, ఏ మగ్గం అడిగితే ఆ మగ్గానికి అందించే కంప్యూటర్. నాలుగు వేల చీరల డిజైన్లు అందులో ఉన్నాయి. వాటిలో కొన్ని గీసిన చేతులు ఇప్పుడు లేవు.

దాన్ని చూసుకునేవాడు గుమాస్తా ఎర్రిస్వామి. రోజూ దుమ్ము దులిపేవాడు. ఆయుధపూజకు బొట్టు పెట్టేవాడు. ప్రతి శుక్రవారం డిజైన్లకు నకలు తీసి, సర్వర్‌కు వైరుతో తగిలించే ఒక చిన్న డబ్బాలో భద్రపరిచేవాడు. కానీ సర్వర్‌ని లోపల నుంచి నడిపించే ఆపరేటింగ్ సిస్టం మాత్రం పన్నెండేళ్ళ కిందటిదే. ఎవరైనా మార్చమంటే, "నడిచే బండికి ఇరుసు తీస్తారా అప్పా?" అనేవాడు.

మొదట కొత్త ప్రింటర్ ఆ సర్వర్‌తో మాట్లాడనంది. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కొత్త మగ్గాలు మాట్లాడనన్నాయి. డిజైన్లను పెన్‌డ్రైవ్‌లలో మోసుకుని సర్దుకున్నారు. మూడోసారి, పొరుగూరి సొసైటీలో అలాంటి పాత సిస్టంలోకే ఇంటర్నెట్ దారిన దొంగలు దూరి, డిజైన్లన్నిటికీ తాళం వేసేశారు. అక్కడ మగ్గాలు మూగబోయాయి.

అది విని అధ్యక్షుడు చెన్నబసప్పకు చెమట పట్టింది. సిస్టం మార్చేవాళ్ళ కోసం కబురు పెట్టాడు.

మొదటివాడు వచ్చి చూశాడు. "ముసలిది. పారేసి కొత్తది కొనండి."

"మరి డిజైన్లో?"

"అవి మీరే చూసుకోవాలి."

రెండోవాడు చొక్కా చేతులు పైకి మడిచాడు. "గంట పని. ఒక్క దూకులో కొత్త సిస్టం ఎక్కించేస్తా."

"తేడా వస్తే?"

"నా చేతిలో ఎప్పుడూ రాలేదు."

మూడో మనిషి పర్వీన్. ఆ ఊరి అద్దకం వాళ్ళమ్మాయి. పట్నంలో సర్వర్ల పని చేసి వచ్చింది.

"నీకెంత సేపు పడుతుందమ్మా?" అన్నాడు చెన్నబసప్ప.

"తెలీదు సార్. ముందు చూడాలి."

"అతను గంటంటే నువ్వు తెలీదంటావేం తల్లీ?"

"తెలీనిదాన్ని తెలుసని ఎలా అంటాను సార్?"

నేతగాళ్ళలో పెద్దది ఓబుళమ్మ పకపకా నవ్వింది. "పోగులు చూడకుండా నేస్తానన్నవాడికి నేనైతే మగ్గమివ్వను చెన్నబసా. పని ఈ పిల్లకే ఇయ్యి."

పర్వీన్ ఇంకో కంప్యూటర్ తెచ్చి పక్కన పెట్టింది. "ముందు నకలుతో దీని మీద పరీక్షిద్దాం. ఇక్కడ చెడినా నష్టం లేదు" అంది. ఎర్రిస్వామి గర్వంగా తన డబ్బా అందించాడు.

ఆమె తెరిచి చూసింది. మళ్ళీ చూసింది. మూడోసారి కూడా చూసి, గొంతు తగ్గించింది.

"అన్నా, ఐదేళ్ళ కిందటే ఈ డబ్బా నిండిపోయింది. ఆ తర్వాత ఒక్క నకలూ పడలేదు."

ఎర్రిస్వామికి అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి శుక్రవారం తెర మీద ఏదో ఎర్రగా రాసొచ్చేది. చదవకుండా మూసేసేవాడు.

"ఎవరికీ చెప్పొద్దమ్మా. ఇప్పుడు తీస్తే చాలు కదా? నా పరువు..."

"తీస్తానన్నా. కానీ సర్వర్ లోపల డిజైన్లుండే డిస్కు బాగా అరిగిపోయింది, మధ్యలో ఆగినా ఆగొచ్చు. డిజైన్లు వాళ్ళవి, వాళ్ళకు తెలియాలి. మీరే చెప్పండి. నేను పక్కన నిలబడతాను."

సాయంత్రం అందరూ చేరారు. ఎర్రిస్వామి మూడుసార్లు గొంతు సవరించుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. కొందరు కోప్పడ్డారు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. ఎర్రిస్వామి తల వంచుకుని అన్నీ విన్నాడు.

అప్పుడు ఓబుళమ్మ అంది. "తిట్టింది చాల్లెండి. కొత్త మగ్గాల కోసం మనం పెన్‌డ్రైవ్‌లలో మోసుకెళ్ళినవి ఇళ్ళల్లోనే ఉన్నాయిగా? పోయి తెండి!"

మర్నాటికి బుట్టెడు పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. ఎవరివి వారికి తెలిసేలా ఒక్కోదానికి ఒక్కో రంగు పట్టుదారం కట్టారు.

పర్వీన్ సర్వర్ నుంచి పక్క కంప్యూటర్‌లోకి నకలు తీయడం మొదలుపెట్టింది. నిజంగానే, ఇంకాసేపట్లో పూర్తవుతుందనగా డిస్కు కిర్రుమని ఆగిపోయింది. నూట పన్నెండు డిజైన్లు రాలేదు. బుట్ట ముందేసుకుని వెతికారు. నూట పదకొండు దొరికాయి! మిగిలింది ఓబుళమ్మదే.

"చీర నా పెట్టెలో ఉంది. చూసి మళ్ళీ గీస్తా. ఈసారి హంసల నడుం కాస్త సన్నం చేస్తాలే" అందామె.

ఇక పక్క కంప్యూటర్‌లో కొత్త సిస్టం వేసి, ఒక డిజైన్ తెరిచారు.

"అయ్యో, నెమలికి తల లేదు!" అని అరిచాడు చెన్నబసప్ప.

"అందుకే కదా సార్ ముందిక్కడ చూస్తున్నది" అని నవ్వింది పర్వీన్. డిజైన్లు చూపే పాత ప్రోగ్రాం కొత్త సిస్టంలో సరిగ్గా నడవడం లేదని కనిపెట్టింది. రెండు రోజులు కూర్చుని దాన్ని సరిచేసింది. నెమళ్ళకు తలలొచ్చాయి, తోకలొచ్చాయి.

ఆ తర్వాతే సర్వర్‌లో కొత్త డిస్కు పెట్టి, కొత్త సిస్టం వేసి, డిజైన్లన్నీ ఎక్కించింది. ప్రింటర్ పలికింది. కొత్త మగ్గాలు పలికాయి. దొంగలు దూరే సందులు మూసుకున్నాయి. వీధంతా మళ్ళీ టకటకలే.

ఎర్రిస్వామి ఆఫీసు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "వేరే మనిషిని చూసుకోండప్పా."

చెన్నబసప్ప ఆ తాళంచెవిని తిరిగి అతని గుప్పిట్లో పెట్టాడు. "నువ్వు నోరు విప్పకపోతే ఆ బుట్ట వచ్చేదా? నూట పదకొండు డిజైన్లు దక్కేవా? పోవయ్యా, పోయి పని చూసుకో."

ఎర్రిస్వామి కళ్ళు తుడుచుకుని సర్వర్ ముందు కూర్చున్నాడు. తెర మీద ఏదో రాసొచ్చింది. ఈసారి పైకి గట్టిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

దాచిన తప్పు పెరుగుతుంది. ఒప్పుకున్న తప్పు పదిమంది చేతుల్లో తరుగుతుంది.